మజ్జిగ పోయని బంతి

నాకు అసూయ ఎక్కువని మా ఆవిడ అంటుంది. అది నిజం కాదు. లోకంలో ఇన్ని కోట్లమంది ఉన్నారు, వాళ్ళలో ఎవరి మీదా నాకు అసూయ లేదు. ఒక్క మనిషి మీదే ఉంది. కాకపోతే అన్ని కోట్లమందికి పంచవలసినదంతా పొదుపు చేసి ఆ ఒక్కడి మీదే కుమ్మరిస్తున్నాను, అంతే.

ఆ ఒక్కడు నా తోడల్లుడు, మా ఆవిడ చెల్లెలి భర్త. నల్లమలలో ఫారెస్టు బీటు ఆఫీసరు. నాకంటే పదేళ్ళు చిన్న, జానెడు పొడుగు, నెత్తిన వెంట్రుకలు ఎక్కువ, నోట్లో మాటలు తక్కువ. ఖాకీ చొక్కా వేసుకుని మా వీధిలోకి వస్తే కుక్కలు మొరగడం మాని లేచి నిలబడతాయి. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో కాపురముంటున్నది నేను. ఆ కుక్కలకు బిస్కెట్లు వేసేదీ నేనే. నన్ను చూసి ఒక్కటి కూడా తోక కదిలించిన పాపాన పోలేదు.

నాది ఆత్మకూరులో పైపులూ మోటార్లూ అమ్మే అంగడి. పుట్టింది రాయచోటి పక్కన. అక్కడ అడవి అంటే మూడు తుమ్మచెట్లూ, వాటి నీడ కోసం కొట్లాడుకునే ముప్పై మేకలూ. అటువంటి చోటినుంచి వచ్చినవాణ్ణి నల్లమల అంచున అంగడి పెట్టుకోవడమే పెద్ద సాహసమని నేననుకుంటాను. ఇంకెవరూ అనుకోరు.

మా మామది పత్తికొండ. టమేటా రైతు. మార్కెట్లో ఆయన దగ్గితే ధర రెండు రూపాయలు కదులుతుందని చెప్పుకుంటారు. చెప్పుకునేది ఆయనే. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, ఇద్దరు అల్లుళ్ళు. పెద్దల్లుణ్ణి కాబట్టి ఆ ఇంట్లో మొదటి పీట నాది. చిన్నల్లుడు వచ్చినాక కూడా పీట నాదే, కానీ మామ చూపు, అత్త చెయ్యి, నాటుకోడి తొడముక్క, మూడూ పక్క పీటకు బదిలీ అయిపోయినాయి. అతను అడిగి తీసుకుని ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాణ్ణి. అడగడు. వద్దంటాడు. వద్దన్న కొద్దీ ఇంకో ముక్క పడుతుంది. నేను కావాలన్నా గిన్నెలో గరిటె చప్పుడు తప్ప ఏమీ రాదు.

ఒకసారి అతనికి అడవిలో ఎలుగుబంటి ఎదురైందంట. ఆ కథ అతని నోటివెంట ఒక్క మాట కూడా నేను వినలేదు. అదే నాకు మంట. ఊరంతా అతని తరఫున చెబుతుంది. ఎలుగుబంటి వైపునుంచి విన్నవాళ్ళు కూడా ఉన్నారు. నాకు అంగట్లో తేలు కుట్టిన కథ నేనే పదిసార్లు చెప్పుకోవలసి వచ్చింది, పదోసారి మా ఆవిడే మధ్యలో లేచి పాలు చూసుకోవడానికి పోయింది.

అతని ఫోన్‌కు ఆకాశం నుంచి మెసేజీలు వస్తాయి. అడవిలో ఎక్కడ అగ్గి పుట్టినా పైన తిరిగే శాటిలైటు చూసి, ఫలానా చోట మంట ఉందని కబురు పెడుతుందంట. నా ఫోన్‌కు ఎవరో అమ్మాయి ఫోన్ చేసి క్రెడిట్ కార్డు కావాలా సార్ అని అడుగుతుంది. మనిషికీ మనిషికీ తేడా చూపించడానికి దేవుడు ఎంత దూరం పోతాడో అప్పుడు అర్థమైంది.

అన్నిటికంటే పెద్ద దెబ్బ బోరు దగ్గర తగిలింది. పైపులూ మోటార్లూ నా వృత్తి. ఫలానా మూల బోరు వెయ్యొద్దు మామా, అది వట్టి రాయి అని చెప్పినాను. చిన్నల్లుడు పండక్కి వచ్చి, అటూ ఇటూ చూసి, ఈడ పడొచ్చు మామా అన్నాడు. వేసినారు. నీళ్ళు మా మామ నెత్తి దాటి ఎగిరినాయి. ఆ నీళ్ళకు నా మీద పాతపగ ఏదో ఉండి ఉంటుంది, లేకుంటే అంత ఎత్తు ఎగరవలసిన పనిలేదు.

కాబట్టి తొడముక్క సంగతి నేను ఎప్పుడో వదులుకున్నాను. నాకు కావలసింది ఒక్కటే మిగిలింది. మా మామ బతికుండగా, ఒక్కసారి, నా మాట విని ఒక్క పని చేయాల. లేదంటే ఒక్క పని మానాల. ఇరవై రెండేళ్ళలో ఆ రెండూ జరగలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

ప్రతి ఏడూ ఉగాదికి ముందు కన్నడ సీమనుంచీ, మా ఆదోని, పత్తికొండ వైపునుంచీ వేలమంది కాలినడకన శ్రీశైలం పోతారు. ఆత్మకూరు దాటి, వెంకటాపురం దాటి, నల్లమలలో దిగి, కొండలెక్కి మల్లయ్య దగ్గరికి చేరతారు. మా మామ ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తున్నాడు. ముందు ఆయన, ఆయన వెనక పత్తికొండ గుంపు. దారిలో కన్నడ గుంపులు కూడా ఆయన వెనకే చేరతాయి, ఎందుకంటే ఆయన గొంతు అడవిలో కూడా మార్కెట్లో మాదిరే వినిపిస్తుంది. ఆయన కదిలితే అందరూ కదులుతారు. ఆయన కూర్చుంటే అందరూ కూర్చుంటారు. ఆయన కూర్చోవడం అరుదు.

ఆ నడిచేవాళ్ళ కోసం మా బజారు అంగళ్ళవాళ్ళం పదిమందిమి అడవి గేటుకు ఇవతల షామియానా వేసి అన్నం పెడతాము. వడ్డనకు పెద్దను నేను. గరిటె పట్టుకున్నప్పుడు నన్ను చూస్తే ఏ రాజ్యానికో సేనాధిపతి అనుకుంటారు. మా ఆవిడ మాత్రం గరిటె పట్టుకున్న మా ఆయన అనుకుంటుంది.

ఆ ఏడు ఎండలు ముందే వచ్చినాయి. అడవిలో ఆకంతా రాలి, బోద గడ్డి ఎండి, కాలు పెడితే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. నా తోడల్లుడు నెల ముందే వచ్చి షరతులు పెట్టినాడు. కట్టెల పొయ్యి వద్దు, గ్యాసు పొయ్యే పెట్టల్ల. షామియానా చుట్టూ పదడుగులు గడ్డి గీకల్ల. నాలుగు డ్రమ్ముల నీళ్ళు ఉండల్ల. గేటు దగ్గర బుట్ట పెట్టి, నడిచేవాళ్ళ అగ్గిపెట్టెలు, బీడీలు, కర్పూరం తీసుకోవల్ల. చెప్పినంతసేపూ నన్ను అన్నా, అన్నా అంటూనే ఉన్నాడు. ఆ మర్యాద కూడా నాకు నచ్చలేదు. తిట్టడానికి సందు ఇవ్వని మనిషిని ఎట్లా భరించేది?

బీడీలు ఇచ్చినారు. అగ్గిపెట్టెలు సణుగుతూ ఇచ్చినారు. కర్పూరం మాత్రం ఒక్కరూ తీయలేదు. మావాళ్ళ సంగతి తెలుసు కదా. అడవిలో రవ్వంత నున్నగా ఉన్న రాయి కనపడితే చాలు, దానికి పసుపు పూసి, పక్కన కర్పూరం వెలిగించి, దండం పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా పోతారు. వెనక్కి తిరిగి చూస్తే పుణ్యం తగ్గుతుందంట. అందుకే ఆ కర్పూరం ఆరిందా, గడ్డికి అంటుకుందా అని చూసే మనిషి ఉండడు. ఒక గుంపు పోయినాక ఇంకో గుంపు అదే రాయికి ఇంకో బిళ్ళ. నల్లమలలో రాళ్ళెన్ని ఉన్నాయో లెక్కపెట్టుకోండి.

ఉగాది ఇంకా నాలుగైదు రోజులుందనగా, పొద్దున పదిగంటలప్పుడు, గేటు లోపల మూడు కిలోమీటర్ల దూరంలో, కుడివైపు కొండ మీద పొగ లేచింది. మొదట పొయ్యి పొగ మాదిరి. టీ తాగి గ్లాసు కడిగేలోగా మబ్బంత అయింది. కొండ మొత్తం చుట్ట కాలుస్తున్నట్టు ఉండింది.

నా తోడల్లుడు జీపులో వచ్చినాడు. వెనక నలుగురు చెంచు వాచర్లు, నడుముకు కత్తులు, భుజాలకు ఆకులు ఊదే మిషన్లు. ఊరి ఫైరింజను వచ్చింది గానీ దానికి కొండెక్కే దారి లేదు, గేటు దగ్గరే నిలబడిపోయింది. అతను గేటు మూయించి, గేటు కాపలా మనిషి చేతికి ఒక వైర్లెస్ ఇచ్చి, నావైపు వచ్చినాడు.

"అన్నా, మంట దారి మీదికి వస్తాండాది. గాలి ఎట్లా తిరుగుతుందో చెప్పలేను. నేను చెప్పేదాకా ఒక్కరు కూడా లోపలికి పోగూడదు."

గేటు మూసినావు గదప్పా అన్నాను. అతను గేటుకు రెండు వైపులా చూపించినాడు. గేటు ఉంది గానీ కంచె లేదు. నాలుగడుగులు పక్కకు పోతే పశువుల దారి, ఇంకో నాలుగడుగులు పోతే కట్టెలు ఏరుకుంటూ పోయేవాళ్ళ దారి. మల్లయ్య పిలిచినోణ్ణి గేటు ఆపుతుందా అని మాట ఉండనే ఉంది.

"మామ గుంపు వెంకటాపురం దాటిందంట," అన్నాడు. "మామను ఆపితే అందర్నీ ఆపినట్టే. నువ్వే ఆపల్ల."

అని జీపెక్కి పొగలోకి పోయినాడు.

నాకు రెండు ఆలోచనలు ఒకేసారి వచ్చినాయి. మొదటిది, అయ్యో, అందులోకి పోతాండాడే అని. రెండోది, పైకి చెప్పుకోకూడనిది, చెబుతాను. ఏమన్నా అయితే ఇతని ఫోటో మామ ఇంటి నడవలో పూలదండతో తగిలిస్తారు, ఇక జన్మంతా నేను ఫోటోతో పోటీ పడల్ల. బతికున్న మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఒక తప్పన్నా చేస్తాడు. ఫోటో చెయ్యదు. అందుకే ఆ క్షణాన ఆ మనిషి క్షేమంగా తిరిగి రావాలని నేను మొక్కుకున్నంత గట్టిగా అతని భార్య కూడా మొక్కుకుని ఉండదు.

పదకొండు దాటినాక మా మామ వచ్చినాడు. నెత్తిన తువ్వాలు, భుజాన మూట, వెనక మూడు వందల మంది. దుమ్ములో ముంచి తీసినట్టున్నారు. పొగ చూసినాడు. ఎవురో పొలం గెట్లమీద గడ్డి కాల్చుకుంటాండారన్నాడు. గెట్లు కాదు మామా, అడవి కాలుతోంది, దారి మూసినారు, ఈ పొద్దు ఈడే ఆగల్ల అని చెప్పినాను. ఆయన నన్ను కాళ్ళనుంచి నెత్తిదాకా చూసినాడు. ఆ చూపులో పుచ్చిన టమేటా పెట్టె చూసినప్పటి చూపు ఉండింది.

"అడవి సంగతి నీకేం తెలుసప్పా, పైపులమ్ముకునేటోనివి. మేము అగ్గి పక్కనే నడిచినోళ్ళం. చిన్నల్లుడు చెప్పినాడా ఆగమని?"

చెప్పినాడన్నాను.

"యాడ? పిలువు, నా ముందర చెప్పమను."

వైర్లెస్‌లో గరగర తప్ప ఏమీ రావడం లేదు. ఫోను అక్కడ ఎప్పుడూ పనిచేయదు. చిన్నల్లుడి నోటివెంట వస్తే వేదం, నా నోటివెంట అదే మాట వస్తే అబద్ధం. నేను ఒక అడుగు వేసి గేటుకు అడ్డం నిలబడినాను. ఆయన గేటు వైపు చూడను కూడా లేదు. పక్కనున్న పశువుల దారి వైపు మూట సర్దుకున్నాడు. వెనక మూడు వందల మంది మూటలు సర్దుకున్నారు.

మాటతో ఆపలేనని అప్పుడు తెలిసింది. అయితే నా చేతిలో గరిటె ఉంది.

"మామా, నడుస్తావులే. ఎంగిలి పడి పో. వండిన అన్నం ముందర పెట్టుకుని వద్దంటే మల్లయ్యకు కోపమొస్తుంది," అన్నాను.

అన్నం మాట వస్తే మా మామ కాదనలేడు. కరువు చూసిన మనిషి. సరే తిని పోదాం, బిరీన పెట్టమన్నాడు. మామూలుగా యాభై మందిని ఒక్కో బంతి లెక్కన కూర్చోబెడతాము. ఆ పొద్దు మూడు వందల మందినీ ఒకే బంతిలో, నాలుగు వరసల్లో కూర్చోబెట్టించినాను. మావాళ్ళు అయోమయంగా చూసినారు. నేను మాత్రం ఒక లెక్కతో ఉన్నాను.

మా సీమలో బంతికి రెండు కట్టుబాట్లున్నాయి. బంతిలో చివరి మనిషి తినేదాకా ఎవురూ లేయగూడదు. పక్కవాడు తింటుంటే ఎంగిలిచేత్తో లేచినోణ్ణి చచ్చేదాకా చెప్పుకుంటారు. రెండోది, మజ్జిగ పోస్తేనే బంతి ముగిసినట్టు. మజ్జిగ రాలేదంటే ఇంకా ఏదో వస్తుందని అర్థం. మజ్జిగ డ్రమ్ములు రెండూ టార్పాలిన్ పట్ట వెనక్కి తోయించి, మీద ఉల్లిగడ్డల సంచులు వేయించినాను.

పాయసం దగ్గర మొదలుపెట్టినాను. ఒక్కొక్కరి ఆకులో గరిటె పెట్టి, ఊరు అడిగి, పిల్లలెంతమంది అని అడిగి, సమాధానం విని ముందుకు జరిగినాను. మొదటి వరస చివరికి పోయేసరికి మొదటి మనిషి ఆకు ఆరిపోయింది. తర్వాత పప్పు. పప్పు మీద నెయ్యి. నెయ్యి చుక్కలుగా పోసినాను, కంటికి మందు వేసినట్టు. వంకాయ కూర. దాని తర్వాత చారు. చారు అయినాక మళ్ళీ పప్పు. ఇదేందప్పా చారు తర్వాత పప్పా అని ఒకాయన అడిగితే, ఆత్మకూరు పద్ధతి అన్నాను. ఇటువంటి పద్ధతి ఆత్మకూరులో ఎవరికీ తెలియదు, ఆ మధ్యాహ్నమే పుట్టింది.

నాకు దేవుడు పంపిన సాయం నాలుగో వరస చివర కూర్చున్నాడు. కన్నడ తాత, నోట్లో ఒక్క పన్ను లేదు. మెతుకు మెతుకును నాలుకతో పలకరించి, రెండు చిగుళ్ళ మధ్య పెట్టుకుని, దాని కష్టసుఖాలు విచారించి, తర్వాత మింగుతున్నాడు. ఆయన ఒక ముద్ద ముగించేలోగా ఎండ జరిగిపోతున్నది. స్వల్ప, స్వల్ప అంటూ నేను ఆయన ఆకులో మళ్ళీ పెడతాను, ఆయన సాకు సాకు, చాలు అంటూనే ఉంటాడు, ఇంతలో ఇంకో గరిటె పడుతుంది. ఆయన తింటున్నంతసేపూ మూడు వందల మంది ఎంగిలిచేతులతో బందీలు. అడవిలో నా తోడల్లుడు నలుగురు వాచర్లతో పడే పాటు నేను ఒక్క బోసినోటితో పడుతున్నాను. ఆ సంగతి ఏ శాటిలైటూ చూడలేదు.

గంటన్నర గడిచింది. వైర్లెస్ గరగరలాడుతూ ఒక్క ముక్క పలికింది. మంట దారి దాటింది. అంటే మా మామ ఆగకుండా నడిచి ఉంటే సరిగ్గా ఆ చోట ఉండేవాడు. చేతిలో గరిటె ఉన్న సంగతి మరిచి కొండవైపు తిరిగినాను, చారు ఎవరి మోకాలి మీదనో పడింది. అప్పుడు ఆయన గొంతు మార్కెట్లో మాదిరి వినిపించింది.

"ఏమప్పా పెద్దల్లుడా, మజ్జిగ యాడ?"

"పెరుగు తోడుకోలేదు మామా."

"రాత్రి తోడేసింది మధ్యాన్నానికీ తోడుకోలేదా?"

"అడవి గాలి మామా. శానా నిదానం."

నా ఇరవై రెండేళ్ళ అల్లుడితనంలో ఇంత పసలేని అబద్ధం ఎప్పుడూ చెప్పలేదు. ఆయన చెయ్యి ఆకులో పెట్టి లేవబోయినాడు. కట్టుబాటు ఆయనకు ఇతరుల కోసం, తన కోసం కాదు. ఒక మోకాలు నేలనుంచి లేచింది కూడా. పక్కవాళ్ళ మోకాళ్ళు కదిలినాయి. గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయినాను.

అప్పుడే గాలి మావైపు తిరిగింది. ఎక్కడినుంచో కాలిన ఆకొకటి, నల్లగా, ఆకారం చెడకుండా, ఈనెలన్నీ కనబడుతూ, మెల్లగా దిగి మామ విస్తట్లో తెల్లన్నం మీద వాలింది. ఆయన దాన్ని వేలితో ముట్టుకున్నాడు. బూడిదైపోయింది. ఆయన తల ఎత్తి కొండ చూసినాడు. పొగ సందుల్లో ఎర్రగా ఒక గీత, తాను ప్రతి ఏడూ నడిచే మలుపు దగ్గర, అడ్డంగా కదులుతున్నది. గెట్లు కాల్చినప్పుడు మంట ఎంత ఎత్తు లేస్తుందో ఆయనకు తెలియనిది కాదు.

ఆయన నావైపు చూడలేదు. బూడిద పడిన మెతుకులు పక్కకు తీసి, లేచిన మోకాలు మళ్ళీ దించినాడు.

"ఇంక రవ్వంత అన్నం పెట్టు," అన్నాడు.

పెట్టినాను. తర్వాత పప్పు అడిగినాడు. పప్పు తర్వాత మళ్ళీ పాయసం అడిగినాడు. పక్కవాళ్ళు ఆలస్యమవుతాండాదని గొణిగితే, అన్నం దగ్గర తొందరేందప్పా, కూచోండి అని కసిరినాడు. ఆకలి లేని మనిషి అంత తినడం నేనెప్పుడూ చూడలేదు. ఆ తర్వాత నేను వడ్డించిన రెండు గంటలసేపూ ఆ బంతిని నిలబెట్టింది నేను కాదు. అప్పుడు కూడా నాకు కొంచెం కుళ్ళు పుట్టింది, ఎందుకు దాచేది. నా యుద్ధం సగంలో వచ్చి ఆయన తీసేసుకున్నాడు.

మూడు దాటినాక వైర్లెస్ మాట్లాడింది. దారికి అటుపక్క ఆకులు ఊది, గడ్డి గీకి ఖాళీ పట్టీ చేసినారంట. అక్కడినుంచి మంటకు ఎదురు మంట పెట్టినారంట. రెండు మంటలూ మధ్యలో కలిసి, తినడానికేమీ లేక చచ్చిపోయినాయంట. మిగిలినదాన్ని పచ్చికొమ్మలతో కొట్టినారంట. మనుషులంతా క్షేమం. నేను ఉల్లిగడ్డల సంచులు తీయించి మజ్జిగ పోయించినాను. మూడు వందల మంది లేచి చేతులు కడుక్కున్నారు. కన్నడ తాత ఇంకా తింటున్నాడు.

నాలుగింటికి నా తోడల్లుడు వచ్చినాడు. ముఖంలో కళ్ళు తప్ప ఇంకేదీ కనబడలేదు. మూడు వందల మంది హర హర మహాదేవ అని లేచినారు. ఎవరో దేవుడి కోసం తెచ్చుకున్న చామంతి దండ అతని మెడలో వేసినారు. పొగ చూసి వచ్చిన పేపరాయన ఫోటో తీసినాడు. మరునాడు అది పేపర్లో వచ్చింది. అందులో నేను కూడా ఉన్నాను. ఎడమవైపు అంచున ఒక మోచెయ్యి, ఒక గరిటె కొస. మా ఆవిడకు చూపిస్తే, ఎవరిదండీ ఆ చెయ్యి అనింది.

అన్నం అయిపోయింది. నేనే పెట్టి పెట్టి తుడిచేసినాను. అగ్గితో కొట్లాడి వచ్చినవాళ్ళకు మజ్జిగ తప్ప ఏమీ మిగల్లేదు. ఆ సిగ్గుకు నేనే గ్యాసు పొయ్యి ముట్టించి వాళ్ళ ఐదుగురికీ బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసినాను. అతను బూట్లు విప్పుకున్నాడు. అడుగున రబ్బరు కరిగి, ఆకులూ రాళ్ళూ అంటుకుని ఉండింది. కాళ్ళ మీద బొబ్బలు. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ, ఈ బొబ్బలను చూడటానికి పత్తికొండనుంచి మా అత్త, ఆమె వెనక సగం ఊరూ వస్తుంది గదా అనుకున్నాను. నీళ్ళు మాత్రం మెల్లగా పోసినాను.

"మామను ఎట్లా ఆపినావన్నా?" అన్నాడు. "గేటు దగ్గరికి వచ్చేదాకా నాకు అదే భయం."

అన్నం పెట్టినాను అన్నాను. అతను నవ్వి, దాని గురించి ఇంకేమీ అడగలేదు. అడిగి ఉంటే నేను పొద్దు గూకేదాకా చెప్పేవాణ్ణి. మాటలు తక్కువ మనిషితో వచ్చే చిక్కు ఇదే.

ఆ రాత్రి అందరూ షామియానా కిందే పండుకున్నారు. కర్పూరం బిళ్ళలు తమంతట తామే తెచ్చి బుట్టలో వేసినారు. మా మామ మూటలోంచి ఆయన కూడా ఒక పొట్లం తీసి, ఎవరూ చూడలేదనుకుని, వేసినాడు.

తెల్లారినాక నా తోడల్లుడు కుంటుకుంటూ పోయి దారంతా చూసి వచ్చినాడు. మొద్దులు చల్లారినాయని, ఇద్దరు వాచర్లు ముందు నడుస్తారని, ఇంక పోవచ్చు మామా అని చెప్పినాడు. మామ తలూపినాడు. మూట భుజానికెత్తుకున్నాడు. వెనక మూడు వందల మూటలు లేచినాయి. ఆయన గేటు దాకా నడిచి, అక్కడ నిలబడి, వెనక్కి తిరిగినాడు. చిన్నల్లుడి మీదుగా ఆయన చూపు పోయి నా మీద ఆగింది.

"ఏమప్పా పెద్దల్లుడా, పోదుమా?"

అందరి తలలూ నావైపు తిరిగినాయి. నా తోడల్లుడి తల కూడా. నేను కొండవైపు చూసినాను. ఏమీ తెలియలేదు. నోట్లో వేలు తడిపి గాలికి పట్టినాను. గాలి లేదు.

"రవ్వంతసేపు ఆగు మామా," అన్నాను.

ఆయన మూట దించి, గేటు పక్కన రాయి మీద కూర్చున్నాడు. ఆయన వెనక మూడు వందల మందీ కూర్చున్నారు. ఆగడానికి కారణం ఏమీ లేదు. నా తోడల్లుడు నావైపు చూస్తూనే ఉన్నాడు. నేను ఒక గ్లాసు టీ పోయించుకుని, నిలబడి, నిదానంగా తాగినాను.